క్యాంపస్‌లో చెత్త పని ఎలా మొదలుపెట్టాలి: ముందు ఊడ్చేవాళ్లను అడగండి

ఒక అక్టోబర్ 2న మా యూనివర్సిటీలో స్వచ్ఛ కార్యక్రమం పెట్టారు. పదిన్నరకు ముఖ్య అతిథి వస్తారని, తెల్లారి ఊడ్చిన ఆకులు రెండు తట్టలు తెప్పించి, పరిపాలనా భవనం ముందు రోడ్డు మీద మళ్లీ చల్లించారు. ఊడవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా! కొత్త చీపుళ్లు, కొత్త గ్లౌజులు, ఫొటోలు. పావుగంటలో అంతా అయిపోయింది. అందరూ టీ తాగడానికి వెళ్లాక, పొద్దున ఆ రోడ్డు ఊడ్చిన ఆవిడే వచ్చి మళ్లీ ఊడ్చింది. గ్లౌజులు లెక్కపెట్టి స్టోర్‌కి పంపేశారు. ఆవిడ చేతులకు మాత్రం ఏమీ లేవు.

అప్పుడు నేను రీసెర్చ్ స్కాలర్‌ని, ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను. ఈ మధ్యలో క్యాంపస్ చెత్త మీద మూడుసార్లు పని మొదలుపెట్టాను. రెండుసార్లు చెడగొట్టుకున్నాను. మూడోసారి కాస్త దారిలో పడింది. చెడిన రెండుసార్లూ జరిగింది ఒకటే: చెత్త సంగతి గ్రీన్ క్లబ్‌ది, జీతాల సంగతి యూనియన్‌ది అని పంచేసుకున్నాం. మీరు అలా పంచుకోకుండా ఉండటానికే ఇది రాస్తున్నాను.

1. నలుగుర్ని కూడగట్టండి

పెద్ద కమిటీ వద్దు. ఇరవైమందితో వాట్సాప్ గ్రూపు పెడితే గుడ్ మార్నింగ్‌లు తప్ప ఏమీ రావు. మగపిల్లల హాస్టల్ నుంచి ఒకరు, ఆడపిల్లల హాస్టల్ నుంచి ఒకరు, పాఠాలు చెప్పేవాళ్లు ఒకరు, ఆఫీసులో పనిచేసేవాళ్లు ఒకరు, అంతే. ఈ నాలుగో మనిషిని చాలామంది మర్చిపోతారు. ఫైలు ఏ సెక్షన్‌లో ఆగింది, పారిశుద్ధ్యం టెండర్ గడువు ఎప్పుడు ముగుస్తుంది, ఎస్టేట్ ఆఫీసర్‌ని ఏ పూట కలిస్తే మంచి మూడ్‌లో ఉంటారు, ఇవేవీ ప్రొఫెసర్లకు తెలియవు. సీనియర్ అసిస్టెంట్‌కి తెలుసు.

పాఠాలు చెప్పేవాళ్లలో ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ పేపర్ చూసేవాళ్లు దొరికితే వదలకండి. 1991లో పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం వల్లే ఆ చదువు డిగ్రీలోకి వచ్చింది. అందులో ఫీల్డ్ వర్క్ కూడా ఉంది. చాలాచోట్ల నెట్‌లో దొరికిన బొమ్మలు నాలుగు అతికించి, స్పైరల్ బైండింగ్ చేయించి, అదే ఫీల్డ్ వర్క్ అనిపిస్తారు. ఆ మార్కులు ఈ పనికి ఇప్పించండి. మార్కులుంటే తెల్లవారుజామున ఐదింటికి లేచేవాళ్లు కూడా దొరుకుతారు.

2. ఒక వారం వాళ్ల వెంట నడవండి

ఐదు, ఐదున్నరకు హాజరు వేస్తారు. ఆ చోటికి వెళ్లండి. మొదటి రెండు రోజులు ఏమీ అడగొద్దు, ఏమీ రాసుకోవద్దు, ఫోన్ జేబులోంచి తీయొద్దు. ఫొటో తీయగానే మిమ్మల్ని ఆఫీసు మనుషులు అనుకుంటారు. అమ్మా, అక్కా, పిన్నీ, మీ నోటికి ఏ వరస వస్తే ఆ వరసతో పిలవండి. "ఏమ్మా, ఇటు రా" అన్న గొంతు మాత్రం వద్దు. అది వాళ్లకు రోజూ వినిపించేదే.

మూడో రోజు నుంచి కళ్లతో చూసి రాసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. చీపురు ఎవరు కొంటున్నారు? కొబ్బరి చీపురు అరిగిపోతే కాంట్రాక్టర్ ఇస్తున్నాడా, వాళ్లే ఇంటి నుంచి తెచ్చుకుంటున్నారా? అన్నం క్యారేజీ ఎక్కడ పెడుతున్నారు? చేతులు కడుక్కోవడానికి సబ్బు ఉందా? బాత్‌రూమ్‌కి ఎక్కడికి వెళ్తున్నారు? మా దగ్గర నలభై మరుగుదొడ్లు కడిగే మనుషులకు వాటిలో ఒక్కటీ వాడుకునే వీలు లేదు. తాళాలు వేసి ఉంటాయి. చెట్ల చాటుకి వెళ్లేవాళ్లు. ఇంత మాట తెలుసుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. అడగలేదు కాబట్టి వాళ్లూ చెప్పలేదు.

జీతం సంగతి సూపర్‌వైజర్ ముందు అడగకండి. అడిగింది మీరైనా, మర్నాడు మాట పడేది వాళ్లు.

నా మొదటి ప్రయత్నంలో ఈ వారం లేదు. విరాళాలు పోగుచేసి, మూడు రంగుల డబ్బాలు కొని, ప్రతి బ్లాక్ ముందూ పెట్టించి, రిబ్బన్ కత్తిరించాం. నెల తర్వాత లైబ్రరీ దగ్గర ఊడ్చే పిన్నిని, "ఎలా ఉంది పిన్నీ, డబ్బాలు పెట్టాక?" అని గొప్పగా అడిగాను. ఆవిడ నవ్వి, "మూడు రంగులు పెట్టారు బాబూ, బాగానే ఉంది. బండి ఒకటే కదా" అంది. నిజమే, మూడు డబ్బాలూ ఒకే ట్రాక్టర్ తొట్టిలో బోర్లించేవాళ్లు. క్యాంపస్ అంతటికీ ఆ విషయం ముందునుంచీ తెలిసింది వాళ్లకే.

3. తూకం వేయండి

కిరాణా కొట్లలో వాడే వేలాడే డిజిటల్ కాటా చాలు, 50 కిలోలది. మెస్ వెనక ఒక దూలానికి కట్టండి. మూడు డ్రమ్ములు పెట్టండి: వంటకు ముందు వచ్చే తొక్కలు, కాడలు ఒకదాంట్లో, వండి మిగిలిపోయింది ఒకదాంట్లో, ఎంగిలి ఒకదాంట్లో. ఖాళీ డ్రమ్ము బరువు ముందే రాసిపెట్టుకోండి, ప్రతిసారీ తీసేయాలి.

మూడూ కలిపి తూస్తే ఎందుకూ పనికిరాదు. తొక్కలు ఎలాగూ వస్తాయి. వండింది మిగిలితే తప్పు ఇండెంట్‌ది, అంటే సరుకుల లెక్కది, ఎంతమంది తింటారో తెలియకుండా బియ్యం పోశారు. ఎంగిలి ఎక్కువైతే సంగతి వడ్డనలోనో, రుచిలోనో, టైమింగ్‌లోనో ఉంది. ఏడు రోజులు, మూడు పూటలూ తూయండి. చికెన్ పెట్టే ఆదివారం కలవాలి, పండగ సెలవుల వారం కలవకూడదు.

400 మంది తినే మెస్‌లో మనిషికి 100 గ్రాములు వదిలేస్తే, అంటే ఓ పిడికెడు అన్నం, పూటకు 40 కిలోలు. మూడు పూటలూ, తొక్కలూ కలిపితే రోజుకు వంద కిలోలు దాటడం ఎంతసేపు? ఆ వంద దగ్గరే చట్టం మొదలవుతుంది. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు రోజుకు సగటున 100 కిలోలకు మించి చెత్త వచ్చే సంస్థను బల్క్ వేస్ట్ జనరేటర్, అంటే పెద్ద మొత్తంలో చెత్త పుట్టించేది, అన్నాయి. యూనివర్సిటీలు, హాస్టళ్లు అందులో పేరుతో సహా ఉన్నాయి. తడిచెత్తను వీలైనంతవరకు తన ఆవరణలోనే చూసుకోవాల్సింది సంస్థే. వాటి స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. అందులో చెత్తను నాలుగు రకాలుగా విడదీయమన్నారు: తడి, పొడి, శానిటరీ, ఇంకా బ్యాటరీలు, మందులు, పెయింట్ డబ్బాల్లాంటి ప్రత్యేకంగా చూడాల్సినవి. కాబట్టి రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లేటప్పుడు "మీ సహకారం కావాలి సార్" అని బతిమాలాల్సిన పనిలేదు. తూకం కాగితం బల్ల మీద పెడితే చాలు.

తూకంలో ఇంకో లాభం ఉంది. డ్రమ్ము పక్కన వారంపాటు నిలబడితే అసలు కారణం కనిపిస్తుంది. మా మెస్‌లో రాత్రి ఎంగిలి మధ్యాహ్నంకంటే ఎప్పుడూ ఎక్కువే. పిల్లలకు బాధ్యత లేదని అందరం తీర్మానించేశాం. డ్రమ్ము పైన గోడకి "అన్నం పరబ్రహ్మ స్వరూపం" బోర్డు ముందునుంచే ఉంది, ఇంకో బోర్డు రాయించబోయాం. నాలుగో రోజు రాత్రి ఎవరు ఏం పారేస్తున్నారో చూస్తే, ఎక్కువగా తెల్లన్నమే. చివర్లో పెరుగన్నం కోసం అన్నం పెట్టించుకుని వెళ్తే పెరుగు గిన్నె ఖాళీ. ఎనిమిదీ ముప్పావుకి పెరుగు అయిపోతోంది, ల్యాబ్ నుంచి వచ్చే పిల్లలు అప్పుడే తింటున్నారు. దానికితోడు వడ్డించే అతని చేతిలో హస్తం, అదే అన్నం గరిటె, పెద్దది. వెనక లైను పెరిగిపోతుంటే ఒక్క వేటుకి ప్లేటు నింపేస్తున్నాడు. హస్తం మార్చి, రెండోసారి వడ్డించడానికి ఇంకో మనిషిని పెట్టి, పెరుగు రెండు విడతలుగా బయటికి తెచ్చేసరికి ఎంగిలి డ్రమ్ము సగం కూడా నిండలేదు. బోర్డు డబ్బులు మిగిలాయి.

4. తడిచెత్తను ఎరువు చేయడం

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, నా రెండో ప్రయత్నం చెడింది ఇక్కడే.

వాసన పట్టని తొట్టి ఎలా ఉండాలంటే, మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, ఇటుకల మధ్య సందులు వదిలి కట్టాలి. సిమెంటు పూత పూయొద్దు. సందుల్లోంచి గాలి ఆడాలి. అడుగున మట్టి నేలే ఉండాలి, గచ్చు వద్దు. నీడ ఉండాలి, హాస్టల్ కిటికీలకు దూరంగా ఉండాలి. ఇలాంటివి కనీసం మూడు కట్టించండి. ఒకటి నిండుతుంటే ఒకటి మాగుతుంది, ఒకటి తవ్వుకోవడానికి సిద్ధంగా ఉంటుంది.

అడుగున జానెడు మందాన ఎండు కొమ్మలు, కొబ్బరి పీచు. ఆపైన ఒక బకెట్ తడిచెత్త వేస్తే రెండు బకెట్ల ఎండుటాకులు. ఈ లెక్క తప్పొద్దు. సాంబారు, రసం నీళ్లు ముందే జల్లెడలో వంచేయాలి. ఎముకలు వేయొద్దు, కుక్కలు తొట్టి తవ్వేస్తాయి. మొదట్లో పేడనీళ్లో పుల్లటి మజ్జిగో చిలకరిస్తే తొందరగా పట్టుకుంటుంది. ప్రతిరోజూ పైన ఆకుల పొరే కనిపించాలి, అన్నం మెతుకు కనిపిస్తే ఈగలు వస్తాయి. నాలుగు రోజులకు చెయ్యి పెట్టి చూస్తే లోపల వేడిగా ఉంటుంది, ఉడుకుతోందన్నమాట. వారానికోసారి పారతో తిరగేయాలి. పిడికిట్లో పట్టి పిండితే తడి తెలియాలి, నీరు మాత్రం కారకూడదు. కారితే ఆకులు కలపండి, పొడిగా రాలిపోతే నీళ్లు చల్లండి. రెండు మూడు నెలలకు తొలకరి మట్టి వాసన వస్తుంది.

ఆకులన్నీ ఒకలాంటివి కావు. తురాయి, నిద్రగన్నేరు రెమ్మలు సన్నగా ఉంటాయి, ఇట్టే కలిసిపోతాయి. టేకాకు, రావాకు దళసరి, నలగ్గొట్టి వేయాలి. యూకలిప్టస్ త్వరగా మాగదు, పక్కన పెట్టేయండి.

మేం చేసిన తప్పు ఏమిటంటే, జూన్‌లో మొదలుపెట్టాం, పర్యావరణ దినోత్సవం వచ్చింది కాబట్టి! ఆకులు రాలేది మాఘ, ఫాల్గుణాల్లో. మేం తొట్టి ప్రారంభించేసరికి క్యాంపస్‌లో ఎండుటాకు లేదు. రాలినప్పుడు కుప్పలు పెట్టి తగలబెట్టేశారు. బహిరంగంగా చెత్త తగలబెట్టొద్దని పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లోనే చెప్పింది, మామూలుగా తగలబెడితే 5,000, పెద్ద ఎత్తున అయితే 25,000 రూపాయల జరిమానా కూడా పెట్టింది. అయినా ఇప్పటికీ ఏ క్యాంపస్‌లోనైనా మార్చి సాయంత్రం పొగ కనిపిస్తుంది. వానలు పడ్డాయి, ఆకు లేని తొట్టిలో అన్నం పులిసింది, పురుగులు గోడెక్కాయి. వార్డెన్ ఫోన్ చేసి నన్ను నానా మాటలూ అన్నారు, అనాల్సిందే. కాబట్టి మీరు జనవరి నుంచే సిమెంటు సంచులు, బియ్యం సంచులు పోగేయండి. రాలిన ఆకంతా సంచుల్లో కుక్కి, తడవని చోట పెట్టండి. ఏడాదంతటికీ అదే పెట్టుబడి.

కానీ ఆ వాసనకంటే పెద్ద తప్పు ఇంకొకటి జరిగింది. తొట్టి తిరగేసింది ఎవరు? మొదటి రెండు వారాలు పిల్లలు తిరగేశారు, సెల్ఫీలు తీసుకున్నారు. మిడ్ ఎగ్జామ్స్ రాగానే సూపర్‌వైజర్ ఇద్దరు ఆడవాళ్లను దానికి పెట్టాడు. వాళ్లు రోజూ ఊడ్చే పాత బీట్ తగ్గించలేదు, గంట కూలి పెంచలేదు, బూట్లు ఇవ్వలేదు. మా పర్యావరణ ప్రేమ వాళ్ల వీపు మీద ఇంకో గంపై కూర్చుంది. ఏ కొత్త పని తలపెట్టినా తొట్టి కట్టకముందే ఒక కాగితం మీద రాయండి: ఇది ఎవరి డ్యూటీ, రోజుకు ఎన్ని గంటలు, ఆ గంటలకు డబ్బు ఎక్కడిది. మూడోది రాయలేకపోతే ఇటుకలు దింపొద్దు.

5. పాత పేపర్ల డబ్బు ముట్టుకోకండి

అట్టపెట్టెలు, నీళ్ల సీసాలు, పాత పేపర్లు. గ్రీన్ క్లబ్‌లన్నిటికీ వచ్చే ఆలోచన ఒకటే: ఇవి అమ్మి క్లబ్‌కి ఫండ్ చేద్దాం. ఆగండి. ఇన్నేళ్లూ ఇవి ఎవరు అమ్ముకున్నారు? ఊడ్చేవాళ్లు, గేటు బయట గోనెసంచి వేసుకుని ఏరుకునేవాళ్లు. నెలాఖరున వాళ్ల చేతిలో ఆడేది ఆ నాలుగు డబ్బులే. దాన్ని మీరు లాక్కుని మొక్కలు నాటితే ఏం లాభం?

ఈ విషయంలో పుణె మనకంటే చాలా ముందుంది. అక్కడి ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయంలో వయోజన విద్య విభాగంవాళ్లు చెత్త ఏరుకునే ఆడవాళ్లతో పనిచేస్తూ, చెత్తకుప్పలో చేతులు పెట్టకుండా ఇళ్ల దగ్గరే విడదీసిన చెత్త నేరుగా వాళ్లకు అందేలా చూశారు. దాంట్లోంచే 1993లో 'కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్' అనే సంఘం పుట్టింది. 2008లో వాళ్ల సహకార సంఘం 'స్వచ్ఛ్' నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుని ఇంటింటి చెత్త సేకరణ చేపట్టింది. పొడిచెత్త అమ్మితే వచ్చే డబ్బు ఏరినవాళ్లదే. ఒక యూనివర్సిటీ విభాగం మొదలుపెట్టిన పని అది.

మీ క్యాంపస్‌లో చేయాల్సింది చిన్నదే. తాళం ఉన్న ఒక గది, గోడకి ఒక కాటా, ధరల పట్టీ. అమ్మిన డబ్బు పనివాళ్లే పంచుకునే పద్ధతి వాళ్లే తేల్చుకుంటారు, మధ్యలో మీరు దూరకండి. కాంట్రాక్టర్ వాటా అడిగితే మాత్రం దూరండి.

శానిటరీ ప్యాడ్ల గురించి ఆడపిల్లల హాస్టల్లో ఒక్క మీటింగ్ చాలు. పేపర్లో చుట్టి, పైన ఎర్ర చుక్క పెట్టి, విడిగా వేయడం. ఇది కూడా పుణె స్వచ్ఛ్ కార్మికులు తెచ్చిన పద్ధతే. విప్పి చూడాల్సిన ఖర్మ తప్పుతుంది. ఈ మీటింగ్‌లో మాట్లాడాల్సింది మీరు కాదు, ఆ హాస్టల్ కడిగే అక్క. అడిగితే ఆవిడ రెండే నిమిషాలు మాట్లాడింది మా దగ్గర. ఎవరూ తలెత్తలేదు. తర్వాత నెలంతా డబ్బాల్లో ఎర్ర చుక్కలే.

6. జీతం కాగితాలు చూడండి

ఇది చదివి టెన్షన్ పడకండి. లెక్క చిన్నదే.

జీతం స్లిప్పు ఇస్తున్నారా? చాలాచోట్ల ఇవ్వరు. అప్పుడు బ్యాంకు పాస్‌బుక్‌లో పడిన మొత్తం, హాజరు పుస్తకంలో పనిదినాలు రాసుకోండి. రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనంతో పోల్చండి. ఏటా ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో దాని డీఏ (కరువు భత్యం) మారుతుంది. పాత రేటు మీదే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చే కాంట్రాక్టర్లకు కొదవలేదు.

పీఎఫ్‌కి, అంటే భవిష్య నిధికి, కార్మికుల వాటా 12 శాతం, యజమాని వాటా కూడా అంతే. ఈఎస్‌ఐకి, అంటే కార్మికుల ఆరోగ్య బీమాకి, కార్మికుల వాటా 0.75 శాతం, యజమానిది 3.25. పదివేల జీతం మీద కార్మికురాలి చేతిలోంచి పోవాల్సింది పీఎఫ్‌కి 1,200, ఈఎస్‌ఐకి 75. అంతకంటే ఎక్కువ పోతుంటే యజమాని వాటా కూడా ఆమె దగ్గరే కోస్తున్నారన్నమాట. కోశాక కడుతున్నారా లేదా అన్నది ఇంకో ప్రశ్న. పీఎఫ్ ఖాతాకు ఉండే యూఏఎన్ అనే 12 అంకెల నంబర్ అడగండి, ఆమె ఫోన్‌లోనే ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి చూపించండి. మా దగ్గర ఒకామె తన పేరు మీద పీఎఫ్ ఖాతా ఉందని మొదటిసారి అలా చూసింది. పదకొండు నెలలు కట్టి ఆపేశారు. "అయితే ఆ తర్వాత కోసిందంతా ఏదీ?" అని అడిగింది. అదే అడగాల్సింది.

ఆ ప్రశ్న యూనివర్సిటీని అడగొచ్చు. "వాళ్లు మా ఉద్యోగులు కారు, కాంట్రాక్టర్ మనుషులు" అనే జవాబు మీకు తప్పకుండా వస్తుంది. 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టంలోనూ, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలోనూ ఒక మాట ఉంది: కాంట్రాక్టర్ వేతనం ఎగ్గొడితే ప్రధాన యజమాని కట్టాలి. ప్రధాన యజమాని అంటే ఇక్కడ యూనివర్సిటీయే.

వివరాలు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తెల్లకాగితం, 10 రూపాయల పోస్టల్ ఆర్డర్, 30 రోజుల గడువు. ఇవ్వకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. "ఎందుకు జీతాలు తక్కువ?" అని అడిగితే జవాబు రాదు. కాగితాలు అడగండి: పారిశుద్ధ్య కాంట్రాక్టు ఒప్పందం నకలు, గత ఆరు నెలల బిల్లులు, వాటితో జతచేసిన పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు, బిల్లులో చూపిన పనివాళ్ల సంఖ్య. బిల్లులో అరవై మంది, హాజరులో నలభై మంది ఉంటే ఇక మీరు మాట్లాడాల్సిన పనిలేదు, కాగితాలే మాట్లాడతాయి. ప్రైవేటు యూనివర్సిటీల్లో ఈ దారి నేరుగా పనిచేయకపోవచ్చు, అక్కడ కార్మిక శాఖ అధికారి దగ్గరికే వెళ్లాలి.

దరఖాస్తు మీ పేరు మీద పెట్టండి. కార్మికుల పేరు ఎక్కడా రానివ్వొద్దు. ఊళ్లో సీఐటీయూ, ఏఐటీయూసీ లాంటి కార్మిక సంఘం ఉంటే వాళ్లతో ముందే మాట్లాడండి. గొడవైనా మీకేం కాదు, మర్నాడు కూడా క్లాసుకి వెళ్తారు. ఊడ్చే ఆమెకు మాత్రం పని పోవచ్చు. ఎంతదూరం వెళ్లాలో తేల్చాల్సింది ఆమే.

సెప్టిక్ ట్యాంకు సంగతి వేరే. దాంట్లో చర్చ లేదు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడం నేరం. బెజవాడ విల్సన్ నడిపే పారిశుద్ధ్య కార్మికుల ఉద్యమం సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు ఒక్కో మరణానికి 10 లక్షల పరిహారం ఇమ్మంది. 2023 అక్టోబర్‌లో ఇంకో తీర్పులో దాన్ని 30 లక్షలు చేసింది. హాస్టల్ వెనక మూత తీసి, నడుముకు తాడు కట్టుకుని ఎవరైనా నిలబడితే, అక్కడికక్కడే ఆపించి, యంత్రం వచ్చేదాకా కదలకండి. క్లాసు పోతే పోనీ.

7. టెండర్ రాకముందే ఉత్తరం ఇవ్వండి

కాంట్రాక్టు మధ్యలో ఎంత అరిచినా "వచ్చే టెండర్‌లో చూద్దాం" అంటారు. టెండర్ వచ్చాక "షరతులు అయిపోయాయి" అంటారు. అందుకే గడువుకు నాలుగు నెలల ముందు కదలాలి. ఇందాక చెప్పిన ఆఫీసు మనిషి విలువ ఇప్పుడు తెలుస్తుంది. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. మేం ఇచ్చింది దాదాపు ఇలా ఉంది:

"రిజిస్ట్రార్ గారికి. మా హాస్టల్ మెస్‌లలో ఏడు రోజుల తూకం వివరాలు జతచేశాం. రాబోయే పారిశుద్ధ్య టెండర్‌లో ఈ షరతులు చేర్చవలసిందిగా కోరుతున్నాం. తడి, పొడి చెత్తకు వేర్వేరు బండ్లు. ఎరువు తొట్ల నిర్వహణకు ప్రత్యేకంగా ఇద్దరు పనివాళ్లు. ఏడాదికి రెండు జతల బూట్లు, నెలకు రెండు జతల గ్లౌజులు, సబ్బు. బట్టలు మార్చుకునే గది, తాళం లేని మరుగుదొడ్డి. గత నెల పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు చూపితేనే ఈ నెల బిల్లు. కాంట్రాక్టర్ మారినా ఇప్పుడున్న పనివాళ్ల కొనసాగింపు."

రెండు కాపీలు తీసుకెళ్లండి, ఒకదాని మీద అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. ముద్ర లేని ఉత్తరం ఇవ్వని ఉత్తరంతో సమానం. మాకు ఆరింట్లో నాలుగు వచ్చాయి. రెండు బండ్లు రాలేదు, ఒకే బండికి మధ్యలో రేకు అడ్డు పెట్టారు. సర్దుకున్నాం. ఇద్దరు పనివాళ్ల బదులు ఒకరే వచ్చారు, దాని మీద ఇంకా ఉత్తరాలు నడుస్తున్నాయి.

ఉత్తరంతోపాటు క్యాంపస్ ఫెస్ట్‌లకు ఒక మాట చేర్చొచ్చు. థర్మకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, 100 మైక్రాన్లలోపు మందం ఉన్న పీవీసీ బ్యానర్లు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. పర్యావరణ దినోత్సవానికి ఫ్లెక్సీ కట్టిన క్యాంపస్ నేను చూశాను. ఏ క్యాంపసో అడక్కండి.

8. పుస్తకం ఒకటి పెట్టండి

పిల్లలు వెళ్లిపోతారు. క్యాంపస్‌లో మొదలైన పనుల్లో సగం మే నెలలోనే పోతాయి. అందుకే అట్టపుస్తకం ఒకటి కొని, తూకాలు, తేదీలు, ఎవరిని కలిశాం, ఏమన్నారు, అన్నీ అందులో రాయండి. గూగుల్ షీట్ వద్దని కాదు. దాని పాస్‌వర్డ్ తెలిసిన కుర్రాడు బెంగళూరులో ఉద్యోగంలో చేరాక ఫోన్ ఎత్తడు.

రాసిపెట్టుకున్నది ఎప్పుడు అక్కరకొస్తుందో తెలియదు. 2025 వేసవి ముందు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు, విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు నరకడం ఆపమంది. అది పనికిరాని బంజరు అని అన్నవాళ్లకు జవాబుగా అప్పుడు బయటికి వచ్చింది, అక్కడివాళ్లు ఎప్పటినుంచో రాసుకుంటూ వచ్చిన పక్షుల జాబితాలు. రాసేటప్పుడు వాళ్లలో ఎవరూ కోర్టు గురించి ఆలోచించి ఉండరు.

మా పుస్తకం ఇప్పుడు లైబ్రరీ పిన్ని దగ్గర ఉంది. విద్యార్థులు మారతారు, నాకు బదిలీ రావచ్చు, ఆవిడ పద్దెనిమిదేళ్లుగా ఇక్కడే ఉంది. చదవడం రాదు, కానీ ఎవరైనా తూకం రాయకుండా వెళ్తే పిలిచి రాయిస్తుంది. మొన్న నన్నూ ఆపింది. "కాటాలో బ్యాటరీ అయిపోయింది బాబూ, రెండ్రోజులుగా అందాజుగా రాస్తున్నారు" అంది. బ్యాటరీ కొనుక్కుని రావడానికి వెళ్లాను.